టెలిగ్రాం చదివిన పిల్లాడు

అప్పుడు నేను ఎనిమిదో తరగతి.
వీధి మొత్తానికి ఇంగ్లీషు వచ్చినవాణ్ణని
అసిరమ్మ పెద్దమ్మ ఆ కాగితం నా చేతిలో పెట్టింది.
ఆమె ఒళ్ళో వాలుగ చేప దవడ,
సగం ఏకిన కొండపత్తి.
పోస్టుమేను సైకిలు దిగినవాడు దిగినట్టే నిలబడ్డాడు.

కూర్మారావన్నకి ఆ పేరు
శ్రీకూర్మం మొక్కు.
తాబేలూ తాబేలూ అని పొందూరు పిల్లలంతా వెక్కిరిస్తే
ఉడుక్కుని, చేతులు బార్లా చాపి
రైలుకట్ట మీద గూడ్సుబండితో పందెం వేసేవాడు.
ఓడిపోయి, మోకాళ్ళు చీరుకుని,
మర్నాడు మళ్ళీ.

కోరుకొండ సైనిక్ స్కూల్లో సీటొస్తే
నేతసంఘం వాళ్ళు ట్రంకుపెట్టె కొనిచ్చారు.
ఆ పెట్టెతో వెళ్ళి విమానంతో వస్తాడని ఎవరనుకున్నారు?
విమానంతో రాలేదులెండి, పాసింజరు బండిలోనే వచ్చాడు.
కానీ బూట్ల చప్పుడుకి
వీధిలో మగ్గాలు కాసేపు ఆగాయి.

అరటిదొప్పలోంచి ఒక ఏకు తీసి
గాల్లోకి ఊదాడు.
"మబ్బులోకి దూరితే ఇలాగే ఉంటాదమ్మా,
నువ్వు ఏకిన పత్తిలోంచి ఎల్తన్నట్టు.
గింజ మాత్రం తగల్దు."
"గింజ లేని పత్తి ఉంటాదేట్రా," అని
పెద్దమ్మ నవ్వింది.

యుద్ధమొచ్చిన డిసెంబర్లో ఒక ఉత్తరం.
అదీ నేనే చదివాను.
"రాత్రిళ్ళు ఎగురుతున్నాం. దారి చెప్పడానికి నేవిగేటరుంటాడు,
మలయాళీ కుర్రాడు. దారితో పాటు
వాళ్ళమ్మ వండే చేపల కూర గురించీ చెబుతాడు.
కింద ఊళ్ళన్నీ దీపాలార్పుకుని ఉంటాయి.
చీకట్లో ఏ ఊరైనా మన ఊరిలాగే ఉంటాదమ్మా.
బాంబులు వదిలేశాక బరువు తగ్గి
విమానం ఒక్కసారి పైకి లేస్తాది.
ఆ లేవడం నాకు నచ్చదు."

ఆ ముక్క పెద్దమ్మ రెండుసార్లు చదివించుకుంది.
"కింద ఎవులో ఉంటారు గదా," అంది.
వీధిలో ఎవరం ఏమీ అనలేదు.

ఇక టెలిగ్రాం.
రిగ్రెట్ అంటే తెలుసు నాకు.
ఆపరేషన్స్ అంటే ఆసుపత్రి అనుకున్నాను.
మిస్సింగ్ దగ్గర కాస్త తడుముకుని
"తప్పిపోయాడు పెద్దమ్మా," అన్నాను.
పోస్టుమేను తల దించుకున్నాడు.
వాడికి ఇంగ్లీషు రాదు, టెలిగ్రాములు తెలుసు.

"తప్పిపోనాడా? ఓస్, అంతేనా!
అరసవల్లి రథసప్తమి జనంలో
అయిదేళ్ళోడప్పుడూ ఇలాగే తప్పిపోనాడు.
ఊరంతా ఎతికితే
మన బండికిందే కూకుని చెరుకుముక్క నమలతన్నాడు."
దవడ మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

వేసవిలో విశాఖపట్నం నుంచి జీపులో
ఒక ఆఫీసరొచ్చాడు. ఫ్లయింగ్ ఆఫీసర్ కూర్మారావు గురించి
సరైన మాటలే మాట్లాడాడు, టోపీ ఒళ్ళో పెట్టుకుని.
పెద్దమ్మ మజ్జిగిచ్చింది, అంతా వింది.
"మీకు తెల్దు బాబూ," అని
వేలు పెట్టి నన్ను చూపించింది.
"మా కుర్రోడు చదివి చెప్పినాడు. తప్పిపోనాడంతే."
ఆఫీసరు నా వైపు చూశాడు.
నా నోట్లో ఏ భాషా లేదు.

ఆమె పోయాక ట్రంకుపెట్టె తెరిస్తే
పందొమ్మిది చిలపల సన్ననూలు,
ఏటికొకటి, వాడి పంచెకి.

తరవాత ముప్ఫయ్యేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పాను.
ఆ మాటకి అర్థం రాయమని
ఏ పరీక్షలోనూ అడగలేదు.

ఇప్పుడు నిద్రపట్టని రాత్రి
కూర్మారావన్న గుర్తుకు రాడు.
దారి చెప్పిన ఆ కుర్రాడి పేరు ఉత్తరంలో లేదు.
పొయ్యి మీద చేపల కూర పెట్టి
వాళ్ళమ్మ కాగితం పట్టుకుని ఎవరి దగ్గరికి పరిగెత్తిందో,
ఆ పిల్లాడెవరో,
ఏమని చెప్పాడో.
అటువైపు, దీపాలార్పుకున్న ఆ ఊళ్ళోనైతే
చదవడానికి కాగితం కూడా వచ్చి ఉండదు.